బొబ్బట్టు గయ్యాళి కాదు

నా కుడిచేతి చూపుడువేలి మీద ఉన్న మచ్చ ఏమిటని క్లాసులో చాలామంది అడిగారు. "ఎలుక కొరికింది" అని చెప్పి తప్పించుకున్నాను. అది అబద్ధం. కొరికింది మా ఇంటి గినీ పిగ్. దాని పేరు బొబ్బట్టు. ఈసారి గోడపత్రికకు ఏదైనా రాయమని మేడం అడిగారు కనుక ఆ సంగతంతా ఇక్కడే చెప్పేస్తాను. చదివాక ఆ మచ్చ గురించి నన్ను మళ్ళీ అడగొద్దు.

మా ఇంట్లో రెండు భాషలు. నాన్నవాళ్ళది తెలుగు, అమ్మవాళ్ళది తమిళం. తాతయ్య పెరంబూర్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన పోయాక అవ్వ మా దగ్గరే ఉంటుంది. అవ్వతో తెలుగు, అమ్మతో తమిళం, చెల్లితో రెండూ కలిపిన సాంబారు. నేను ప్లస్ టూలో ఉన్నప్పుడు ఒక శుక్రవారం నాన్న పల్లావరం సంత నుంచి చిల్లులు పెట్టిన అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. అందులో రెండు గినీ పిగ్ పిల్లలు. "రెండూ ఆడవే సార్, గ్యారంటీ" అన్నాడట అమ్మినాయన. అట్లాంటి గ్యారంటీ నమ్మిన చాలామంది ఇళ్ళల్లో రెండు మూడు నెలలకే పిల్లలు పుడతాయి. మా అదృష్టం బాగుండి ఆయన చెప్పింది నిజమే అయింది.

పసుపు రంగు మీద గోధుమ మచ్చలున్నదానికి చెల్లి బొబ్బట్టు అని పేరు పెట్టింది. ఉండచుట్టినట్టు ఉన్న రెండోదానికి నేను పూర్ణం అని పెట్టాను. అమ్మ మాత్రం రెండింటినీ "ఎలి" అనే పిలిచేది, అంటే తమిళంలో ఎలుక. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకొని చూసి, "పంది అంటారు, పందీ కాదు. ఎలకా కాదు. తోక కూడా లేదు. ఏ ఊరివే ఇవి?" అంది. వీటి ఊరు చాలా దూరం. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల పక్క, ఇప్పటి పెరూ, బొలీవియా దేశాలు. అక్కడి మనుషులు కొన్ని వేల ఏళ్ళుగా వీటిని ఇళ్ళల్లో పెంచుతున్నారు. ఇవి గుంపుగా బతికే ప్రాణులు, ఒంటరిగా ఉండలేవు. స్విట్జర్లాండ్‌లో 2008లో వచ్చిన నియమాల ప్రకారం గినీ పిగ్‌ని ఒక్కదాన్నే పెంచకూడదు. చరిత్ర విద్యార్థినిని కదా, మూలాలు చెప్పకుండా ఉండలేను.

రెండేళ్ళు అవి ఒకే గూట్లో ఉన్నాయి. ఒకే గిన్నెలో తిన్నాయి. ఒకదాని వీపు మీద ఇంకోటి గడ్డం ఆనించి పడుకునేవి. మా వీధి చివర పూలమ్మే అక్క వినాయకుడికని గరిక కట్టలు తెస్తుంది. సాయంత్రం మిగిలినవి తక్కువకు ఇస్తుంది. ఆ ప్లాస్టిక్ సంచి చప్పుడు వినగానే రెండూ కలిసి "వీక్ వీక్" అని ఇల్లు ఎగరగొట్టేవి.

చిన్నచిన్న తగాదాలు లేకపోలేదు. ఒకటి నడుము ఊపుకుంటూ గుర్రుమని ఇంకోదాని చుట్టూ తిరిగేది. అప్పుడప్పుడు మీదికి ఎక్కేది. గరిక దగ్గర తలతో తోసేది. రెండోది కీచుమని పక్కకు పోయేది, అంతటితో అయిపోయేది. ఆడవాటికి సుమారు పదహారు రోజులకొకసారి ఎద వస్తుంది, అప్పుడు ఒకటి రెండు రోజులు ఈ గొడవ జాస్తిగా ఉంటుంది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని తేల్చుకోవడం అది. దానికి మనం అడ్డం పోనక్కరలేదు. ఇంతవరకు నాకు తెలుసు. తెలుసు కాబట్టే అసలైన గొడవ వచ్చినప్పుడు కూడా "ఎప్పుడూ ఉండేదే" అనుకున్నాను.

మే నెల మొదటి వారం. అమ్మ కత్తిరి వెయిల్ అంటుంది, అవ్వ కర్తరి అంటుంది, పేరు ఏదైనా ఎండ ఒకటే. రాత్రి పదిన్నరకు హాల్లో పళ్ళు టకటకలాడించే చప్పుడు వినిపించింది. అంతకు ముందు రెండు మూడు వారాలుగా అప్పుడప్పుడు వింటూనే ఉన్నాను. ఈసారి ఆగలేదు. వెళ్ళి చూస్తే బొబ్బట్టు మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకొని ఉన్నాయి. పూర్ణం మూలకు నక్కి ఉంది. నేను లైటు వేసేలోపే రెండూ ఒకదాన్నొకటి పట్టుకొని బంతిలా దొర్లడం మొదలుపెట్టాయి. ఏది ఏదో తెలియలేదు. గూట్లో పరిచిన తెల్లగుడ్డ మీద నెత్తురు చుక్కలు.

"చెయ్యి పెట్టొద్దే!" అని అవ్వ. "కై వెక్కాదే!" అని అమ్మ. రెండు భాషల్లో ఒకే మాట ఒకేసారి వినపడింది. నేను రెండూ వినలేదు. చెయ్యి పెట్టాను.

ఆ సమయంలో వాటికి మనిషి చెయ్యి అని తెలియదు. అందిందల్లా కొరుకుతాయి. బొబ్బట్టు ముందుపళ్ళు నా వేల్లో దిగాయి. నేను అరుస్తూ ఉంటే అవ్వ వంటింట్లోంచి బియ్యం చెరిగే చేట తెచ్చి, ఏ మాటా లేకుండా రెండింటి మధ్యలో దించింది. గొడవ అక్కడికక్కడే ఆగిపోయింది. అమ్మ పూర్ణం మీద తువ్వాలు కప్పి, చుట్టి, ఎత్తుకుంది. రెండేళ్ళలో అమ్మ దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. పూర్ణం కుడిచెవి అంచు చిన్న గింజంత తెగిపోయింది. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగాము. నాకు కుట్లు పడలేదు కానీ మరునాడు టీటీ ఇంజెక్షన్ పడింది.

ఇక ఇంట్లో పంచాయితీ. నాన్న "ఎండ" అన్నాడు. అందులో కొంత నిజం ఉంది, ముప్పై డిగ్రీలు దాటితే గినీ పిగ్‌లకు ప్రాణం మీదికి వస్తుంది, మనలాగా వాటికి చెమట పట్టదు. చెల్లి మీద నాకు అనుమానం, ఎందుకంటే జామకాయ ముక్క ఎప్పుడూ పూర్ణానికే ముందు పెట్టేది. గూడు చిన్నదైపోయిందని అమ్మ అంది. అవ్వ మాత్రం తీర్పు చెప్పేసింది: "ఇది బొబ్బట్టు కాదే, సూర్యకాంతం!"

మీకు తెలిసే ఉంటుంది, 1962లో వచ్చిన గుండమ్మ కథలో గుండమ్మ ఆవిడే. అవ్వకు చాలా ఇష్టమైన నటి. "బయట ఎంత మంచి మనిషో, పాపం" అని అవ్వే ఎప్పుడూ చెబుతుంది. కానీ తెరమీద గయ్యాళి అంటే ఆవిడే. అందరం నవ్వాము. నేను ఇంకో అడుగు ముందుకు వేసి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "గయ్యాళి ఉంది జాగ్రత్త" అని రాసి బొబ్బట్టు పెట్టెకు అతికించాను. ఒత్తులు తప్పులు పోకుండా నేను రాసిన తెలుగు వాక్యాల్లో అదొకటి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కాగితమే నన్ను జాస్తిగా బాధపెడుతుంది.

ఆ రాత్రి రెండింటినీ రెండు గదుల్లో పెట్టాము. అది నేను చేసిన రెండో తప్పు. గొడవపడినవాటిని వేరు చేయాల్సిందే, నెత్తురు వచ్చాక ఇంకో ఆలోచన లేదు. కానీ పూర్తిగా కనపడకుండా చేయకూడదు. మూడో రోజుకు పూర్ణం మూలన కూర్చొని గరిక వాసన కూడా చూడలేదు. గినీ పిగ్ ఒక రోజు తినకపోతేనే ప్రమాదం, దాని పేగులు ఎప్పుడూ ఆడుతూ ఉండాలి. కూరగాయలు తూచే చిన్న తక్కెడలో పెట్టి చూస్తే మూడు రోజుల్లో అరవై గ్రాములు తగ్గింది. అవతలి గదిలో బొబ్బట్టు కూస్తే ఇది చెవులు నిక్కించి వినేది. కొట్టినదాని కోసమే ఎదురుచూడటం ఏమిటో నాకు అర్థం కాలేదు.

అదే రోజు నాన్న దోమల కిటికీకి కొట్టే జాలీ తెచ్చి, చట్రం కట్టి, పెద్ద గూడు మధ్యలో నిలబెట్టాడు. ఇటు ఒకటి, అటు ఒకటి. కనపడతాయి, వాసన తెలుస్తుంది, కొరుక్కోలేవు. అన్నీ రెండేసి పెట్టాము. రెండు గిన్నెలు, రెండు నీళ్ళ సీసాలు, రెండు అట్టపెట్టె ఇళ్ళు. ఒక్కో ఇంటికి రెండు వాకిళ్ళు, ఒకటి తరిమితే ఇంకోటి చిక్కుకుపోకుండా. ఐసు సీసాలకు గుడ్డ చుట్టి అటొకటి ఇటొకటి. ఆ సాయంత్రం జాలీకి ఆనుకొని పూర్ణం నాలుగు గరిక పోచలు తిన్నది. చెల్లి ఏడ్చింది. నేను ఏడవలేదని చెప్పను.

వారం తర్వాత జాలీ తీసి చూశాము. నిమిషం కూడా కాలేదు, మళ్ళీ పళ్ళు టకటక. చేట సిద్ధంగా ఉంది కాబట్టి నెత్తురు రాలేదు. "ఇంక అది మారదు, ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారు చూడడానికి వచ్చిన చుట్టాలు. నేను కూడా దాదాపు ఒప్పుకున్నాను. నాకు పూర్ణం ముఖ్యం. బొబ్బట్టును ఎవరో ఒకరు తీసుకుంటే చాలు అనిపించింది.

ఇచ్చేముందు ఫోటో తీద్దామని చెల్లి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "అక్కా, దీనికి ఇక్కడ వెంట్రుకలు లేవు చూడు" అంది. పొట్టకు పక్కన పలచబడింది. కొట్లాటలో ఊడి ఉంటాయిలే అన్నాను. "అట్లయితే ఇటు కూడా ఎందుకు లేవు?" అని తిప్పి చూపించింది. రెండు పక్కలా, ఒకే చోట, ఒకే సైజులో. కొరికితే అంత కొలతగా ఊడవు కదా. పన్నెండేళ్ళ పిల్లకు కనపడింది, రోజూ శుభ్రం చేసే నాకు కనపడలేదు. గయ్యాళి అని రాసి పెట్టుకున్నాక నేను దాని మొహం తప్ప ఒళ్ళు చూడలేదు.

మొదట వెళ్ళిన చోట కుక్కలు, పిల్లులు మాత్రమే చూస్తామన్నారు. రెండో చోట డాక్టరుగారు ఆడమనిషి. నేను కొట్లాట గురించి చెబుతూనే ఉన్నాను, ఆవిడ వేళ్ళతో మెల్లగా పొట్ట నొక్కి చూశారు. బొబ్బట్టు నొప్పితో కీచుమంది. స్కాన్ తీశారు. రెండు అండాశయాల్లోనూ నీటి తిత్తులు. ఒకటి పెద్ద నేరేడుపండంత ఉంది. వయసు వచ్చిన ఆడ గినీ పిగ్‌లలో ఇది తరచుగా వచ్చేదేనట. ఒంట్లో హార్మోన్లు తారుమారవుతాయి, రెండు పక్కలా వెంట్రుకలు రాలతాయి, ఊరికే మీదికి ఎక్కడం, కోపం, ముట్టుకుంటే కొరకడం. "కోపిష్టిది కాదమ్మా, దీనికి నొప్పిగా ఉంది" అన్నారు ఆవిడ. నొప్పిగా ఉన్నప్పుడు పక్కకు వచ్చి ఆనుకునేది ఎవరు? రోజూ ఆనుకొని పడుకునే పూర్ణమే. అందుకే దాన్నే కొరికింది.

ఆపరేషన్ చేసి తీసేయవచ్చు, లేదా సూదితో నీరు తీసి ఇంజెక్షన్లు ఇవ్వవచ్చు అన్నారు. ఇంత చిన్న ప్రాణికి మత్తు ఇవ్వడం ఎప్పుడూ ప్రమాదమే, ఈ ఎండల్లో ఇంకా జాస్తి, కాబట్టి ముందు రెండో దారి చూద్దామన్నారు. అన్నీ కలిపి 3,200 రూపాయలు అయింది. ఇచ్చింది అమ్మ, తన చీటీ డబ్బులోంచి. "ఎలికి ఇవ్వళవా" అని ఒక్కసారి అంది, ఎలుకకు ఇంతా అని. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు నాతో వచ్చింది అవ్వ. ఆటోలో బొబ్బట్టు పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వంతెన దాటాక, నన్ను చూడకుండానే మొదలుపెట్టింది.

"మీ పెద్దవ్వ కూడా ఇట్లనే."

పెద్దవ్వ అంటే తాతయ్య వాళ్ళ అన్న భార్య, అవ్వకు తోడికోడలు. నేను పుట్టకముందే పోయింది. ఆవిడ గురించి మా ఇంట్లో తెలిసింది ఒకటే, గయ్యాళి అని. అన్నదమ్ములు వేరు పడింది ఆవిడ నోటివల్లే అని. అవ్వ చెప్పింది వేరే. పదకొండేళ్ళు ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండారట. ఒకళ్ళ పిల్లలకు ఇంకొకళ్ళు పాలిచ్చారట. తర్వాత ఉన్నట్టుండి ఆవిడకు అన్నిటికీ కోపం. గిన్నెలు విసరడం, ఒక రోజు అవ్వ మీదికే గరిటె విసిరింది. మగవాళ్ళు మాట్లాడుకొని పొయ్యి వేరు చేశారు, తర్వాత మధ్యలో గోడ కట్టారు. మూడేళ్ళకు ఆవిడను ఆసుపత్రికి తీసుకుపోతే గర్భసంచిలో గడ్డ. అప్పటికే ఆలస్యమైపోయింది.

"కడుపులో గడ్డ పెట్టుకొని నవ్వుతా తిరుగుతారా ఎవరైనా? నడుం పట్టుకొని కూచోడం నేను చూశానే. పనికి ఎగ్గొడతా ఉంది అనుకున్నా. ఏమైందక్కా అని ఒక్కసారి అడగలా."

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. బొబ్బట్టు పెట్టెలో గరిక నములుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. ఇంటికి రాగానే అవ్వే ముందు పోయి ఆ కాగితం చింపేసింది. నేను రాసింది, తను చింపింది. నేనే చింపి ఉండాల్సింది.

రెండో ఇంజెక్షన్ అయ్యాక, డాక్టరుగారు పొట్ట చూసి సరేనన్నాక, జూన్ చివర్లో వాటిని మళ్ళీ కలిపాము. అంతకు ముందు వారం రోజులు జాలీకి రెండు వైపులా గరిక పెట్టి పక్కపక్కనే తినేట్టు చేశాము, ఒకదాని కింద పరిచిన గుడ్డ ఇంకోదానికి వేశాము. కలిపింది గూట్లో కాదు. రెండింటికీ సొంతం కాని చోట, అమ్మ కుట్టుమిషన్ పక్కన, తుడిచిన నేల మీద. మధ్యలో పెద్ద గరిక కుప్ప. నేను తువ్వాలుతో, అవ్వ చేటతో, చెల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని.

బొబ్బట్టు గుర్రుమంది. తరిమింది. మీదికి ఎక్కింది. పూర్ణం కీచుమని పక్కకు పోయింది. "ఎత్తేయ్, ఎత్తేయ్" అని అమ్మ. నేను ఎత్తలేదు. ఇక్కడే ఓపిక కావాలి. నెత్తురు రానంతవరకు, బంతిలా దొర్లనంతవరకు ఆగాలి. గుర్రుమన్న ప్రతిసారీ విడదీస్తే వాటి మాట వాటికి ఎప్పటికీ పూర్తికాదు. నలభై నిమిషాలు. చేట రెండుసార్లు లేచింది, దిగలేదు. తర్వాత కుప్పకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి తినడం మొదలుపెట్టాయి. రెండు గంటలు చూసి, బాగా కడిగి అన్నీ అటుదిటు మార్చిన గూట్లో కలిపి వదిలాము. ఆ రాత్రి నేను హాల్లోనే పడుకున్నాను.

కాలేజీ తెరిచాక ఒక రోజు క్లాసులో నేను "గయ్యాళికి పుంలింగం ఏమిటి మేడం?" అని అడిగాను, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వి, "నువ్వే వెతికి చెప్పు" అన్నారు. వెతికాను మేడం. మగవాడిని గయ్యాళి అని ఎవరైనా అన్నారేమోనని అవ్వను కూడా అడిగాను. మగవాళ్ళకు కోపం వస్తే "ఏమైందో, ఎవరేమన్నారో" అంటారంది. ఆ ప్రశ్న నేను అడిగింది ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

అన్ని కొట్లాటలకూ జబ్బే కారణం అని నేను అనను. చోటు చాలకపోవచ్చు, ఎండ కావచ్చు, మగవైతే వయసు కావచ్చు. కొన్ని జతలు మళ్ళీ కలవవు, వాటిని జాలీకి అటూ ఇటూ పెంచుకోవాల్సిందే. కానీ చాలాకాలం కలిసి ఉన్నవి ఉన్నట్టుండి కొట్టుకుంటే, చెయ్యి పెట్టకుండా చేట అడ్డం పెట్టండి. తర్వాత దెబ్బ తగిలినదాన్ని చూసినట్టే కొట్టినదాన్ని కూడా ఎత్తి ఒళ్ళంతా చూడండి.

డిసెంబర్‌లో బొబ్బట్టుకు మళ్ళీ స్కాన్ ఉంది. తిత్తులు మళ్ళీ నిండవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ప్రతి ఆదివారం రెండింటినీ తూచి నోటుబుక్కులో రాస్తున్నాను. వెంట్రుకలు ఒకపక్క బాగా వచ్చాయి, ఇంకోపక్క ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. పూర్ణం దాని వీపు మీద గడ్డం ఆనించి పడుకోవడం మళ్ళీ మొదలుపెట్టింది, అయితే ఇంతకు ముందులా రాత్రంతా కాదు. జాలీ తలుపు వెనకాల ఉంది. అవ్వ బియ్యం చెరగడానికి వేరే చేట కొనుక్కుంది.